నీలం దారం

గుండెకాయ కొయ్యొద్దని కృపాజ్యోతి రెండుసార్లు చెప్పింది. మస్తాన్ రెండుసార్లూ "అట్టాగేనమ్మా" అన్నాడు. మూడోసారి చెప్పేలోపే కత్తి నిలువునా దిగింది. గుండెకాయ రెండు చెక్కలైంది.

జగ్గయ్యపేటలో ఇరవై ఏళ్లుగా మాంసం కొడుతున్న మనిషిని, గుండెకాయ కొయ్యకుండా ఇమ్మని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. నడిమికి చీల్చి, లోపలి నెత్తురు గడ్డను బొటనవేలితో తోసేసి, ముక్కలు చేసి ఇస్తేనే బేరగాళ్లకు తృప్తి. నోరు సరేనంటున్నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

"అలవాటు తల్లీ," అన్నాడు మస్తాన్ నొచ్చుకుంటూ. "కూరకి కాదా మరి?"

"కాదు. కుట్టడానికి."

"మాకు కొయ్యటం తెలుసు. కుట్టడం ఏందమ్మా?"

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. మంగళవారం సాయంత్రం నుంచి ఆమెకు నవ్వు రావడం లేదు. రెండో గుండెకాయను మస్తాన్ కత్తి పక్కన పెట్టేసి, రెండు చేతుల్తో తీసి కవర్లో వేశాడు. పైన గొట్టం కూడా ఉంచమంది. మెడ దగ్గరి నరం జానెడు కావాలంది. అతను అవీ కోసి ఇచ్చాడు. డాక్టరమ్మకి ఏదో అయిందనుకొని ఉంటాడు.

ఇంట్లో ఎవరూ లేరు. తల్లి దేవమణి పొద్దున్నే మిరపకాయల గోడౌనుకి తొడిమలు తీయడానికి వెళ్లింది. కృపాజ్యోతి వంటగట్టు కడిగి, పాత రెక్సిన్ గుడ్డ పరిచి, గుండెకాయను స్టీలు గిన్నెలో నిలబెట్టింది. బ్యాగులోంచి సూది పట్టుకునే పట్టకారు, భూతద్దాలు బిగించిన కళ్లజోడు, దారాల పొట్లాలు తీసింది. అవి డేటు దాటిపోయిన దారాలు. పారేయకుండా దాచి, "ప్రాక్టీసుకి పనికొస్తాయి డాక్టరమ్మా" అని చేతిలో పెట్టింది థియేటర్ సిస్టర్ ప్రమీలారాణి.

బైపాస్ అంటే నెత్తురుకి పక్కదారి వెయ్యడం. కాలిలోంచి తీసిన నరాన్ని ఒక కొస పైనున్న పెద్ద గొట్టానికీ, రెండో కొస గుండె మీది సన్నటి నాళానికీ అతుకుతారు. పై అతుక్కి సిక్స్ జీరో దారం, కింది అతుక్కి సెవెన్ జీరో. రెండూ నీలమే. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. సెవెన్ జీరో అయితే వెంట్రుకతో పోటీ పడుతుంది.

విజయవాడలో గుండె ఆపరేషన్ల చదువు మూడేళ్లు. అందులో రెండున్నరేళ్లు కృపాజ్యోతి కాలి దగ్గరే నిలబడింది. అటు పెద్ద సర్జన్ లక్ష్మీకాంత్ సార్, ఇటు హరిచరణ్ కలిసి ఛాతీ తెరుస్తుంటే, ఆమె టేబుల్ చివర చీలమండ నుంచి తొడ దాకా కోసి, నరం తీసి, ఉప్పునీళ్ల గిన్నెలో పెట్టి, కాలు కుట్టేది. ఆమెకంటే ఏడాది వెనక చేరిన హరిచరణ్ ఛాతీ దగ్గరికి ఎప్పుడో చేరిపోయాడు. ఆమె ఇంకా కాలి దగ్గరే. "నీ అంత శుభ్రంగా నరం తీసేవాళ్లు లేరు కృపా," అనేవాడు సార్. అది మెచ్చుకోలు అనుకోవడానికి ఆమెకు ఏడాది పట్టింది, కాదని తెలియడానికి ఇంకో ఏడాది.

మొన్న మంగళవారం, పెనుగంచిప్రోలు రైతు పుల్లయ్య ఆపరేషన్లో, సార్ ఏమనుకున్నాడో, "రా, పై అతుకు నువ్వెయ్యి" అన్నాడు. ఆమె వేసింది. పద్నాలుగు కుట్లు. బిగించి, పట్టు వదిలితే నరం నెత్తురుతో నిండింది, అతుకు చుట్టూ ఒక్క బొట్టు లేదు. నాలుగింటికి బయటికొచ్చి, చేతులైనా సరిగా తుడుచుకోకుండా తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, ఇవాళ గుండె దగ్గర నేను కుట్టా."

ఆరింటికి పుల్లయ్య ఛాతీ గొట్టంలోంచి నెత్తురు ధారకట్టింది. మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. ఆమె చేతులు కడుక్కుని తలుపు దగ్గరికి వస్తే సార్ వద్దన్నాడు. గంటన్నర కారిడార్లో నిలబడింది. పుల్లయ్య బతికాడు. బయటికొచ్చాక సార్ మెత్తగానే చెప్పాడు. "నీ కుట్టు కారింది. నెలాఖరు మీటింగులో అడుగుతారు. నాలుగు రోజులు ఇంటికెళ్లి, సోమవారం అదే రాసి లెటర్ పట్టుకుని రా."

తల్లికి చేసిన మొదటి ఫోన్ తర్వాత రెండో ఫోన్ ఆమె చెయ్యలేదు.

ఇప్పుడు మేక గుండె పైన గొట్టానికి గుండ్రంగా రంధ్రం చేసి, నరం ముక్కను ఏటవాలుగా కోసి, అదే అతుకు మళ్లీ వేసింది. సూది లోపలినుంచి బయటికి, బయటినుంచి లోపలికి. పద్నాలుగు. కింది కొస పట్టకారుతో మూసి, సిరంజితో నీళ్లు తోసింది. నరం ఉబ్బింది. గిన్నె అంచుకి ముక్కు ఆనేదాకా వంగి చూసింది. పొడిగా ఉంది. విప్పి ఇంకోచోట వేసింది, అదీ పొడిగానే ఉంది. మూడోదీ అంతే. మేక దగ్గర కారని కుట్టు మనిషి దగ్గర ఎందుకు కారిందో చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు? ఆఖరి అతుకుతో సహా గుండెకాయను డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ పక్కన సర్దింది.

శనివారం మధ్యాహ్నం హరిచరణ్ ఫోన్ చేశాడు.

"లెటర్ రాశావా?"

"లేదు. నా కుట్టే కారిందో లేదో నాకు తెలీదు హరీ. నువ్వు లోపలున్నావుగా?"

"నేను రిట్రాక్టర్‌తో ఛాతీ తెరిచిపట్టుకుని ఉన్నా. ఏం కనపడలా," అన్నాడు గబగబా. "అయినా ఎవరి కుట్టో ఎందుకిప్పుడు? రెండు లైన్లు. నేనూ రాశా పోయినేడు. ఫార్మాట్ పంపిస్తా, పేరు మార్చుకో."

"నీ కుట్టు కారిందా అప్పుడు?"

"రాసిన మర్నాడే నాకు టేబుల్ ఇచ్చారు, ఛాతీ దగ్గర. సార్ కూడా ఆయన గురువుకి రాసిచ్చే ఈ స్థాయికి వచ్చారంట. ఒక లెటర్‌తో అయిపోయేదానికి నువ్వు కాలి దగ్గరే ఉండిపోతానంటే నీ ఇష్టం. పరీక్షలు ఆరు నెలల్లో ఉన్నాయి."

వాట్సాప్‌లో ఫార్మాట్ వచ్చింది. 'నా అనుభవలేమి వల్ల నేను వేసిన కుట్టు నుండి రక్తస్రావం జరిగినదని తెలియజేయుచున్నాను.' కింద ఖాళీ గీత. హరిచరణ్‌కి ముందు ఎవరి పేరుందో, వాళ్లకి ముందు ఎవరిదో. కాలేజీలో లీవ్ లెటర్లు కూడా ఇలాగే చేతులు మారేవి. పేరు మార్చడానికి నిమిషం పట్టదు. ఆమె ఫోన్ బోర్లా పెట్టి, దండెం మీది బట్టలు తీసి మడతపెట్టింది. మడతపెట్టిన చీరనే విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు చాపల మీద దేవమణి పక్కన కూర్చుంది. వాక్యం అయ్యాక పాస్టరుగారు, "ఈ వారం దేవుడు చేసిన మేలు చెప్పేవాళ్లుంటే లేవండి," అన్నారు. ఒకాయన కొడుక్కి ఉద్యోగం వచ్చిందన్నాడు. ఒకామె జ్వరం తగ్గిందంది. తరవాత పక్కన చీర గరగరలాడింది. తల్లి లేచి నిలబడుతోంది. కృపాజ్యోతి కొంగు పట్టుకోబోయింది గానీ అందలేదు.

"నా బిడ్డ మొన్న మంగళవారం తన చేత్తో మనిషి గుండె కుట్టింది," అంది దేవమణి. మైకు అక్కర్లేని గొంతు ఆమెది. "పెనుగంచిప్రోలు పుల్లయ్యగారంట. ఆయన బతికి ఇంటికి రావాలని కూడా ప్రార్థన చెయ్యండి. మిరప్పళ్ల ఘాటుకి నా చేతులు మండినప్పుడల్లా దేవుణ్ణి ఒకటే అడిగేదాన్ని, నా బిడ్డ చేతులు మంచి పని చెయ్యాలని. ఇన్నాడు."

"స్తోత్రం," అంది చర్చి అంతా.

కృపాజ్యోతి తల వంచుకుంది. అది వినయమనుకున్నారు అందరూ. బయట చెప్పుల దగ్గర ముసలి రత్తమ్మ ఆమె కుడిచెయ్యి తీసుకుని తన గుండెల మీద ఆనించుకుంది. "నాకూ ఇక్కడ దడగా ఉంటందమ్మా. నీ చెయ్యి తగిలితే చాలు." ఎముకలు తేలిన ఆ ఛాతీ మీద, పాత రవికె కింద, గుండె తడబడుతూ కొట్టుకుంటోంది. విజయవాడ వస్తే పరీక్ష చేయిస్తానని రత్తమ్మకు చెప్పింది. ఇంతమంది ముందు ఇంత ఒంటరిగా ఆమె ఎన్నడూ లేదు. ఇంటికి వెళ్లకుండా, పనుందని తల్లితో చెప్పి, అటునుంచి అటే బస్టాండుకి నడిచింది.

నందిగామ బస్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, మిర్చి బస్తాల లారీల వెనక నత్తనడక నడిచింది. ప్రమీలారాణి ఇల్లు బస్టాండు వెనక సందులో. ఈమె ఇక్కడినుంచే రోజూ విజయవాడకి డ్యూటీకి వెళ్లి వస్తుంది. వరండాలో కూర్చుని గోంగూర గిల్లుతోంది. థియేటర్లో మాస్కు పైన కళ్లు తప్ప చూడని మనిషిని నైటీలో చూసి, కృపాజ్యోతి ముందు గుర్తుపట్టలేదు.

"రండి డాక్టరమ్మా," అంది సిస్టర్, ఎందుకొచ్చారని అడగకుండా.

కృపాజ్యోతి మెట్టు మీద కూర్చుని తనూ ఒక కట్ట తీసుకుంది. కాసేపు ఇద్దరూ ఆకులు గిల్లారు.

"మళ్లీ తెరిచినప్పుడు మీరే అందించారు కదా సిస్టర్?"

"నేనే."

"ఎక్కడ కారింది?"

"నేను దారాలు అందిస్తానండి. కుట్లు చూడను." సిస్టర్ చేతులు ఆగలేదు. "పాతికేళ్లుగా అంతే. ఏ దారం విప్పితే ఆ నంబరు గట్టిగా చెబుతా. బోర్డు దగ్గరున్న క్రిస్టీ రాసుకుంటది, సాయంత్రం పుస్తకంలోకి ఎక్కిస్తది. నంబర్లే. ఎవరికిచ్చానో ఎప్పుడూ చెప్పలా, ఎవరూ అడగలా."

"నేను అడుగుతున్నా."

"ఇంకా మూడేళ్ల సర్వీసుంది డాక్టరమ్మా నాకు."

ఇక అడగడానికి ఏముంది? కృపాజ్యోతి ఒళ్లో పడ్డ ఆకులు చేటలో వేసి లేచింది. సిస్టర్ గేటు దాకా వచ్చింది. గడియ తీయబోయి, తీయకుండా దాని మీదే చెయ్యి ఉంచింది.

"ఆ సాయంత్రం సెవెన్ జీరో ఒకటి విప్పా," అంది రోడ్డు వైపు చూస్తూ. "అంతే. సిక్స్ జీరో ఎవరూ అడగలా."

కృపాజ్యోతికి మొదట మాట అర్థమై, తరవాత సంగతి అర్థమైంది. సిక్స్ జీరో పై అతుక్కి. అది తనది. సెవెన్ జీరో కింది అతుక్కి. అది సార్‌ది. తన కుట్టుని మళ్లీ ఎవరూ ముట్టుకోనేలేదు. ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

"నా పేరు ఎక్కడా రాయకండి," అంది సిస్టర్, గడియ తీస్తూ.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి ఆమె ఏడ్చింది. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఎవరైనా పోయారామ్మా?" అని అడిగాడు. లేదని తల ఊపింది. మొదటి కుట్టు నిలబడిందని ఏడుస్తున్నానంటే ఆయనకేం చెప్పి అర్థం చేయించాలి! సార్‌కి తెలుసు. కళ్లతో చూసి, తన చేత్తో సరిచేసుకుని, బయటికొచ్చి అంత మెత్తగా ఆ మాట అన్నాడు. ఆ మెత్తదనం తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. వాకిట్లోకే మసాలా వాసన.

"రెండ్రోజుల్నించి ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయావే, పాడైపోద్దని వండేశా," అంది దేవమణి. "గుండెకాయ తెచ్చినదానివి ఒక్కటే తెచ్చావేందే, ఇద్దరికి ఏం సరిపోద్ది?"

కృపాజ్యోతి గుమ్మంలో నిలబడిపోయింది. దేవమణి మాత్రం కంచంలో అన్నం పెడుతూ సణుగుతూనే ఉంది. "పైన ఏదో గొట్టం, దానికి నీలం దారం! అదేం దారమే తల్లీ. వండకముందే లాగి చూశా, రాలేదు. పోనీలే ఉడికితే వదులవుద్దని కుక్కర్లో పడేశా. నాలుగు కూతలొచ్చినా ఊడలా. పంటితో లాగి చూశా. ఆఖరికి ఆ ముక్కే కోసి పక్కన పెట్టా. చూడు."

సాసర్లో ఉడికి ముడుచుకున్న గొట్టం ముక్క, దానికి అంటుకుని నరం. చుట్టూ నీలం దారం, పద్నాలుగు కుట్లు, ఒక్కటీ జారలేదు. కృపాజ్యోతి దాన్ని దీపం కింద పెట్టి చూసింది. మంగళవారం తరవాత మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. దేవమణి హడలిపోయి, దారం కడుపులోకి పోతే ప్రమాదమా అని అడిగింది.

అప్పుడు చెప్పింది. నెత్తురు ధారకట్టడం, కారిడారు, లెటరు, సెవెన్ జీరో, అన్నీ. రాసిస్తే రేపట్నించే టేబుల్ ఇస్తారని కూడా చెప్పింది. రాయకపోతే పరీక్షల దాకా కాలే. ఆ తరవాత ఏ ఆసుపత్రిలో అడిగినా, 'ఎన్ని గుండెలు చేశావు' అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

దేవమణి అన్నం ముందు కూర్చుని అంతా విన్నది. వేళ్లు చల్లారడానికి నీళ్ల గిన్నెలో ముంచుకుని ఉంది. తొడిమలు తీసిన రోజు తరవాతి రోజు కూడా ఆమెకు మంట తగ్గదు.

"ఒకటి చెప్పు. పొద్దున నేను చర్చిలో చెప్పింది నిజమా, అబద్ధమా?"

"నిజమేనమ్మా."

"మరి నువ్వు రేపు కాదని రాసిస్తే, దేవుడి ముందు నిలబడి అబద్ధమాడినదాన్ని నేనవుతా." గిన్నెలోంచి చేతులు తీసి కొంగుకి తుడుచుకుంది. "టేబులూ కాలూ నాకు తెలవదు. వచ్చే ఆదివారం లేచి, పోయినవారం చెప్పింది తప్పని చెప్పమంటావా? నా వల్ల కాదు. అన్నం తిను."

ఎంత సులువుగా తేల్చేసింది! కృపాజ్యోతికి తల్లి మీద కోపం వచ్చింది కూడా. కాలి దగ్గర నిలబడేది ఈమె కాదు. అయినా ఆ కూర తిన్నది. చాలా బాగుంది.

సోమవారం పొద్దున బస్సులో మోకాలి మీద కాగితం పెట్టుకుని తనే రాసింది. 'పుల్లయ్యగారి ఆపరేషన్లో పై అతుకు నేను వేశాను, సిక్స్ జీరో దారంతో. ఛాతీ మూసేముందు అది పొడిగా ఉంది. తిరిగి తెరిచినప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదు. అప్పుడు ఏ దారం విప్పారో థియేటర్ పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె చూసిన తరవాత కూడా నా కుట్టే కారిందని మీరంటే ఒప్పుకుంటాను.' సిస్టర్ పేరు లేదు. ఎవరి పేరూ లేదు.

లక్ష్మీకాంత్ సార్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కోప్పడలేదు. నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఫైల్లో పెట్టలేదు.

"నీ చెయ్యి మంచిది కృపా," అన్నాడు. "ఈ లెటర్ మంచిది కాదు." జేబు తట్టుకుని, "రేపు కాలు తీసుకో," అన్నాడు.

వార్డులో పుల్లయ్య దిండుకి ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. "పెద్ద డాక్టరుగారు దేవుడమ్మా," అన్నాడు ఆమెను చూసి. "గుండె దగ్గర ఏం తెలవటంలా. ఈ కాలే, సలుపుతా ఉంది. ఎవరు కోశారో ఏమో!" ఆమె వంగి కాలి కట్టు విప్పి చూసింది. గాయం ఎండుతోంది. నడిస్తే తగ్గుతుందని చెప్పి, కొత్త కట్టు కట్టింది.

మంగళవారం మళ్లీ థియేటర్. ఛాతీ వైపు సార్, ఎదురుగా హరిచరణ్. అతను ఆమె వైపు చూడలేదు. టేబుల్ చివర కాలి దగ్గర కృపాజ్యోతి. ఎప్పటిలాగే చీలమండ దగ్గర మొదలుపెట్టి, నరం ఎక్కడా చిరగకుండా, కొమ్మ కొమ్మకీ ముడివేసి, తీసి గిన్నెలో పెట్టింది. అక్కడ ఉన్న ఏడుగురిలో ఆమెతో మాట్లాడినవాళ్లు లేరు. ఇక ఆరు నెలలు ఇంతే. ఆ తరవాత కూడా ఇంతేనేమో. ఈ సంగతి తెలిసే రాసింది.

ఛాతీ వైపు సార్ చెయ్యి చాచాడు. ప్రమీలారాణి సూది బిగించిన పట్టకారు ఆ చేతిలో పెట్టింది. పెడుతూ, పాతికేళ్లుగా చెబుతున్న గొంతుతోనే చెప్పింది.

"సెవెన్ జీరో ఒకటి. లక్ష్మీకాంత్ సార్‌కి."

బోర్డు దగ్గర క్రిస్టీ పెన్ను ఆగింది. "పేరు కూడా రాయాలా సిస్టర్?"

సార్ తల ఎత్తి మాస్కు పైనుంచి సిస్టర్‌ని చూశాడు. ఆమె తన ట్రే చూసుకుంటోంది, గోంగూర గిల్లినంత తీరిగ్గా పట్టకార్లు వరస సర్దుతోంది.

"ఇవాళ్టి నించి రాయి," అంది.

కృపాజ్యోతి కాలు మూయడానికి చెయ్యి చాచింది. సిస్టర్ దారం అందించింది.

"త్రీ జీరో ఒకటి. కాలు, డాక్టర్ కృపాజ్యోతి."

వెనక బోర్డు మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తొడ దగ్గర మొదటి కుట్టు వేసి, కిందికి కుట్టుకుంటూ పోయింది.